పాత ప్రేమ బయటపడ్డ కాపురానికి దంపతుల కౌన్సెలింగ్: ఏది పనిచేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

దంపతుల కౌన్సెలింగ్ మంచి సర్వీసే. చిక్కల్లా చాలామంది దాని దగ్గరికి వేరే పని పట్టుకుని వెళ్ళడంలో ఉంది. పాతికేళ్ళో ముప్పయ్యేళ్ళో కాపురం చేశాక, భార్యకో భర్తకో అంతకుముందు ఒక ప్రేమ ఉండేదని, అది మనసులోంచి పూర్తిగా పోలేదని తెలుస్తుంది. కౌన్సెలర్ ముందు కూర్చోగానే ఒకరు "నిజం చెప్పించండి" అంటారు, ఇంకొకరు "ఇక ఈ గోల ఆపమనండి" అంటారు. ఈ రెండిట్లో ఏదీ ఆ సర్వీసు చేసిపెట్టలేదు. చేసిపెడతానన్న కౌన్సెలర్‌ని నమ్మకూడదు. కౌన్సెలర్ చెయ్యగలిగింది ఒకటే: "మరి ఇన్నేళ్ళూ మనం చేసిన కాపురం నిజమేనా?" అన్న ప్రశ్నను ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని తేల్చుకునే వీలు కల్పించడం. ఇక్కడ ఒక్కో పద్ధతినీ ఆ పనికి ఎంతవరకు పనికొస్తుందన్న లెక్కనే చూశాం.

మొదటి గంటలో తేలాల్సినవి

"పాత ప్రేమ" అన్న ఒక్క మాట కింద నాలుగు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఎప్పుడో ముగిసిపోయింది, ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఒక ఉత్తరమో ఫొటోనో బయటపడి తెలిసింది: ఇది ఒకటి. మొదటినుంచీ తెలిసిందే, పిల్లలు ఎదిగి వెళ్ళాకో ఉద్యోగం అయిపోయాకో ఉన్నట్టుండి తొలవడం మొదలైంది: ఇది రెండోది. ముగిసిందనుకున్నది ఫోన్లో పలకరింపులుగా మళ్ళీ చిగురించింది: ఇది మూడోది. ఆ పాత మనిషి పోయాడనో పోయిందనో కబురు రాగానే ఆ భార్యో భర్తో కుప్పకూలిపోవడం నాలుగోది. మొదటిదాంట్లో గాయం దాచడం వల్ల తగిలింది. రెండోదాంట్లో తరచు అనుమానమే అసలు జబ్బు. మూడోది పాత ప్రేమ కానే కాదు, ఇప్పుడు నడుస్తున్న వ్యవహారం. నాలుగోది దుఃఖం. నాలుగింటికీ ఒకటే మందు రాసే కౌన్సెలర్ దగ్గర రెండో సెషన్‌కి వెళ్ళనక్కర్లేదు.

అందుకని మొదటి సెషన్లో అతను ఏం అడుగుతున్నాడో గమనించాలి. ఎప్పుడు, ఎలా తెలిసింది? అంతకుముందు ఎంత తెలుసు? ఆ మనిషితో ఇప్పుడు మాటలున్నాయా, చివరి మెసేజ్ ఎప్పటిది? నిద్ర ఎలా ఉంది, తాగుడు ఉందా, రోజూ వేసుకునే మందులేమిటి? కాపురం నిలవాలని ఇద్దరికీ ఉందా, ఒకరికేనా? చెయ్యి చేసుకోవడం, బెదిరించడం, బయటికి కదలనివ్వకపోవడం లాంటివి ఉన్నాయా అన్నది మాత్రం విడివిడిగా అడగాలి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే భయపడుతున్నవాళ్ళు లేదనే అంటారు. అవి ఉన్నచోట జంటగా కౌన్సెలింగ్ ఆపెయ్యాల్సిందే, ఎందుకంటే గదిలో అన్న మాటకి ఇంటికెళ్ళాక దెబ్బలు తినాల్సి రావచ్చు.

మందుల సంగతి ఎందుకంటారా? అరవై దాటిన మనిషికి అంతకుముందెన్నడూ లేని అనుమానం ఒక్కసారిగా పట్టుకుని, ఏ రుజువు చూపించినా వదలకపోతే, ముందు వెళ్ళాల్సింది నరాల డాక్టరు దగ్గరికో మానసిక వైద్యుడి దగ్గరికో. పార్కిన్సన్స్‌కి వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కొందరిలో ఇలాంటి అనుమానపు భ్రమ తెప్పిస్తాయి. లూయీ బాడీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బులోనూ, ఏళ్ళతరబడి తాగుడులోనూ ఇది కనిపిస్తుంది. మందును సొంతంగా మానెయ్యకూడదు, డాక్టరుకి చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. దీన్ని కనిపెట్టకుండా పది సెషన్లు నడిపిన కౌన్సెలింగ్ పది సెషన్ల నష్టం.

రహస్యం మీద వాళ్ళ నియమం

ఈ సర్వీసులో అన్నిటికంటే ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. పేరున్న పద్ధతులు చాలావాటిలో మొదట ఒక ఉమ్మడి సెషన్, తర్వాత ఇద్దరికీ చెరొక విడి సెషన్, ఆపైన కౌన్సెలర్ తన అంచనా చెప్పే సెషన్ ఉంటాయి. విడి సెషన్లో ఒకరు "నిజానికి పోయిన నెల కూడా మాట్లాడాను, ఇంట్లో చెప్పకండి" అన్నారనుకోండి. ఇప్పుడు కౌన్సెలర్ చేతులు కట్టేసినట్టే. చెప్తే మాట తప్పినట్టు, చెప్పకపోతే రెండోవాళ్ళని మోసం చేసినట్టు. నాలుగు వారాల తర్వాత ఆ సంగతి వేరే దారిలో బయటపడితే, ఇంట్లో దాచినవాళ్ళు ఒకరనుకుంటే ఇద్దరయ్యారు. ఇక ఆ గదిలో ఏ మాటకీ విలువ ఉండదు.

ముందే రాసిపెట్టుకునే నియమాలు రెండు రకాలు. మొదటి రకంలో, విడిగా చెప్పినదాన్ని అవసరమనుకుంటే ఉమ్మడి సెషన్‌కి తెచ్చే హక్కు కౌన్సెలర్‌ది. దీనివల్ల కొందరు విడి సెషన్లో నోరు విప్పరు. రెండో రకంలో విడిగా చెప్పింది విడిగానే ఉంటుంది, కానీ సంబంధం ఇప్పుడూ నడుస్తుంటే దాన్ని ఆపడమో, బయటపెట్టడమో, ఉమ్మడి కౌన్సెలింగ్ మానుకోవడమో ఏదో ఒకటి తేల్చమంటారు. ముగిసిపోయిన ప్రేమ విషయంలో రెండోదే మేలు. మనసులో మిగిలిన మమకారాన్ని ఒకసారి భయం లేకుండా చెప్పుకునే చోటు ఉంటేనే, ఉమ్మడిగా ఎంత చెప్పాలో ఆ మనిషికి తెలుస్తుంది. మూడోదాంట్లో, అంటే ఇప్పుడు నడుస్తున్నదాంట్లో, మొదటి నియమమే నయం. ఏదైనా సరే విడి సెషన్‌కి ముందు కాగితం మీద చదివి సంతకం చెయ్యాలి. "అవన్నీ చూసుకుందాం లెండి" అని నవ్వేసే చోట లేచి వచ్చెయ్యడమే.

"ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దు" అన్న సలహా

పెద్దమనిషి తరహా కౌన్సెలర్లు సులువుగా ఇచ్చే సలహా ఇది. ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంటారు, ఇంటికి పంపిస్తారు. వారం బాగానే ఉంటుంది. తర్వాత టీవీలో ఒక ఊరి పేరు వినిపిస్తే చాలు, అన్నం ముందు నుంచి లేచిపోతారు. మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని జనానికి చెప్పి చేసిన ప్రయోగం చాలామందికి తెలుసు, వద్దన్న తలపే మాటిమాటికీ వచ్చింది. ఆయనే సహచరులతో కలిసి 1994లో చేసిన పని మన విషయానికి ఇంకా దగ్గర. అప్పట్లో దాచిపెట్టిన పాత ప్రేమలే, బాహాటంగా నడిచినవాటికంటే, ఏళ్ళ తర్వాత ఎక్కువగా మనసులో మెదులుతున్నాయని తేలింది. అంటే మళ్ళీ మూత పెట్టడం అంటే ఆ ప్రేమకి ఇంకో పదేళ్ళ ఆయుష్షు పొయ్యడమే. మూత పెట్టమనే సర్వీసుకి సున్నా మార్కులు.

పొద్దస్తమానం తవ్వడమూ పనికిరాదు. మంచి కౌన్సెలర్లు ప్రశ్నలకి ఒక కట్టడి పెడతారు, అది ఇంటిదగ్గర కూడా అమలు చేసుకోగలిగింది. మనసులో పుట్టిన ప్రశ్నను అప్పటికప్పుడు అడగకుండా ఒక నోట్‌బుక్కులో రాసుకోవాలి. ఒక రోజు ఆగాక కూడా అడగాలనిపిస్తే, వారానికి రెండు మూడుసార్లు ముందే అనుకున్న అరగంటలో అడగాలి. పడుకునే ముందు మాత్రం ఆ అరగంట పెట్టుకోకూడదు. జరిగిందేమిటి, ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్నవాటికి ఒక్కసారి పూర్తిగా, దాపరికం లేకుండా జవాబివ్వాలి. ఇవాళ కొంత, ఎల్లుండి కొంత విడతలవారీగా బయటపెట్టడం అసలు సంగతికంటే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే ప్రతి విడతకీ అనుమానం మళ్ళీ మొదటికొస్తుంది. "ఆ ప్రేమ నీకు ఎంత ముఖ్యం, మన పెళ్ళప్పుడు నీ మనసులో ఏముంది, నాకెందుకు చెప్పలేదు" లాంటివి ఎన్నిసార్లయినా అడగొచ్చు, ఓపిగ్గా చెప్పాలి. "నాకంటే అందంగా ఉండేదా", పక్కలో సంగతులు లాంటి పోలికల ప్రశ్నలకి జవాబు ఇవ్వకపోవడమే మంచిది. ఆ బొమ్మ ఒకసారి బుర్రలోకి వెళ్తే తీసెయ్యడం కౌన్సెలర్ వల్ల కూడా కాదు.

ఉత్తరాలు, ఫొటోలు కోపంలో తగలబెట్టొద్దు, తగలబెట్టమని ఆజ్ఞాపించే కౌన్సెలర్ మాటా వినొద్దు. ఒక కవర్లో పెట్టి అంటించి, ఇద్దరికీ తెలిసిన చోట ఉంచి, కౌన్సెలింగ్ చివర్లో కలిసి తేల్చుకోవచ్చు. ఫోన్ చూపించడమన్నది ఇప్పుడు మాటలు నడుస్తున్నప్పుడే, అదీ ఇన్ని నెలలని గడువు పెట్టుకుని. ఏ సంబంధమూ లేనప్పుడు రోజూ ఫోన్ తిరగెయ్యడం అనుమానాన్ని మేపడం తప్ప ఇంకేం కాదు.

పద్ధతులవారీగా

సూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ 1980లలో కెనడాలో రూపొందించిన భావోద్వేగ కేంద్రిత చికిత్స, ఈఎఫ్‌టీ, మొదటి రకానికి, అంటే ఎప్పుడో ముగిసి, దాచి, ఇప్పుడు బయటపడ్డదానికి, అన్నిటికంటే బాగా సరిపోతుంది. మామూలుగా 8 నుంచి 20 సెషన్లు. మొదట గొడవ నడిచే తీరును విడదీసి చూపిస్తారు: ఒకరు నిలదీస్తారు, ఒకరు ముడుచుకుపోతారు, ముడుచుకున్నకొద్దీ నిలదీత పెరుగుతుంది. ఆ తర్వాతే గాయం దగ్గరికి వెళ్తారు. బాధపడినవాళ్ళు కోపాన్ని పక్కనపెట్టి దాని కింద ఉన్నదాన్ని బయటికి తియ్యాలి, అది సాధారణంగా "నువ్వు నన్ను ఎంచుకోలేదు, నాతో సరిపెట్టుకున్నావు" అన్న భయం. ఎదుటివాళ్ళు సమర్థించుకోకుండా, పారిపోకుండా ఆ మాట వినాలి, దాచినందుకు తన వంతు ఒప్పుకోవాలి, ఆ బాధ తనకి తగిలినట్టు కనపడాలి. అప్పుడు మొదటివాళ్ళు తమకి ఏం కావాలో అడుగుతారు. ఇలాంటి గాయాలున్న 24 జంటలతో మకినెన్, జాన్సన్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో 15 జంటలు గాయాన్ని దాటగలిగాయి, 9 దాటలేకపోయాయి. చిన్న అధ్యయనం, అయినా నిజాయితీగల లెక్క. ఆగిపోయేది ఎక్కువగా మధ్యలోనే: "ఎప్పటిదో కదా, నేనేం తప్పు చేశాను" అని ఎదుటివాళ్ళు అనగానే కోపం మళ్ళీ పైకొస్తుంది. ఆ క్షణంలో కౌన్సెలర్ నిదానింపజేసి, ఆ మాట వెనకున్న సిగ్గునో భయాన్నో తియ్యగలగాలి. ఊరికే "సారీ చెప్పండి" అని ముందుకు తోసేవాడికి ఈ పద్ధతి రాదన్నట్టే.

గాట్‌మన్ పద్ధతి అమరికలో గట్టిది, ఈ విషయంలో మాత్రం జాగ్రత్తగా వాడాల్సింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ దంపతుల మాటల్ని రికార్డు చేసి, నాడి కొలిచి రాబట్టిన సంగతులు ఇందులో ఆధారం. గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటుంటే వినే శక్తి పోతుందని, కనీసం 20 నిమిషాలు ఆగాలని చెప్తారు. ఇది ఇంట్లోనూ అక్షరాలా పనిచేస్తుంది. మణికట్టు మీద వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసుకోండి. విరామం అడిగినవాళ్ళే తిరిగి ఎప్పుడు కూర్చునేదీ చెప్పి వెళ్ళాలి, లేకపోతే అది అలక అయిపోతుంది. ఆ 20 నిమిషాల్లో తర్వాత ఏమనాలో కూడబలుక్కుంటే విరామం తీసుకోనట్టే లెక్క. దంపతుల మధ్య తగవుల్లో 69 శాతం ఎప్పటికీ తెగనివేనన్న ఆయన లెక్క కూడా ఇక్కడ మేలు చేస్తుంది: గతం మారదు, దాంతో బతికే తీరే మారుతుంది.

తేడా రెండుచోట్ల వస్తుంది. మొదట్లో "మీరు ఎలా కలిశారు, మొదట్లో ఏం నచ్చింది" అని జంట చరిత్ర అడుగుతారు. మామూలు గొడవల్లో ఈ ప్రశ్న మనసుల్ని మెత్తబరుస్తుంది. ఇక్కడ అదే మందుపాతర, చెప్పే ప్రతి జవాబునీ రెండోవాళ్ళు ఆ పాత కథతో తూస్తారు. తెలివైన కౌన్సెలర్ దాన్ని రెండు మూడు సెషన్ల వెనక్కి జరుపుతాడు. రెండోది, నమ్మకద్రోహానికి వాళ్ళు వాడే మూడు దశల్లో మొదటిది ప్రాయశ్చిత్తం. ఇప్పుడు నడుస్తున్న వ్యవహారానికి అది తగినదే. ఈ మనిషిని చూడకముందు ఇంకొకరిని ప్రేమించినందుకు ప్రాయశ్చిత్తం చేయించడం మాత్రం అన్యాయం. దాచినందుకు క్షమాపణ ఉండొచ్చు, ప్రేమించినందుకు కాదు. ఈ గీత గియ్యలేని కౌన్సెలర్ చేతిలో ఒక మనిషి జీవితాంతం ముద్దాయిగా మిగిలిపోతారు.

ఆండ్రూ క్రిస్టెన్సెన్, నీల్ జాకబ్సన్‌ల సమీకృత ప్రవర్తనా చికిత్స, ఐబీసీటీ, దీర్ఘకాలపు కాపురాలకి అన్నిటికంటే నమ్మదగిన ఎంపిక. గొడవను మధ్యలో ఒక వస్తువులా పెట్టి ఇద్దరూ ఒకే వైపునుంచి చూడటం నేర్పుతారు: "నువ్వు అబద్ధాలకోరువి" నుంచి "ఆ పేరు వినిపిస్తే నువ్వు మౌనమవుతావు, నేను ఆ మౌనాన్ని ప్రేమగా చదువుతాను, అక్కణ్ణుంచి మొదలవుతుంది" దాకా రావడం. దీర్ఘకాలంగా కలతల్లో ఉన్న 134 జంటల్లో కొందరికి ఈ పద్ధతిలో, మిగతావాళ్ళకి పాత ప్రవర్తనా పద్ధతిలో గరిష్ఠంగా 26 సెషన్లిచ్చి ఐదేళ్ళు గమనించారు. ఐబీసీటీ తీసుకున్నవాళ్ళలో సగం మంది చెప్పుకోదగ్గంత మెరుగ్గా ఉన్నారు, నాలుగో వంతు విడిపోయారు. ఏ పద్ధతికైనా ఇంతకంటే పెద్ద హామీ ఇచ్చేవాళ్ళని అనుమానించొచ్చు. లోపం ఒక్కటే, మొదటి వారాల్లో రగులుతున్న కోపానికి ఇది మరీ నెమ్మదిగా అనిపిస్తుంది.

బ్రయాన్ డాస్, క్రిస్టెన్సెన్ ఇదే పద్ధతిని అవర్ రిలేషన్‌షిప్ అనే ఆన్‌లైన్ కార్యక్రమంగా మార్చారు. 2016లో వచ్చిన 300 జంటల పరీక్షలో దానికి మంచి ఫలితాలే కనిపించాయి. బొత్తిగా కదలని జంటకి తొలి అడుగుగా బాగుంటుంది. కన్నీళ్ళు పొంగినప్పుడు ఆపేవాళ్ళు స్క్రీన్ అవతల ఉండరు కనుక, ఉత్తరాలు నిన్నే దొరికిన ఇంటికి వద్దు. వీడియో సెషన్లలో ఇంకో తంటా ఉంది. విడి సెషన్ జరుగుతుంటే రెండోవాళ్ళు పక్క గదిలో ఉంటే అది విడి సెషన్ కాదు, వాళ్ళు ఇంట్లోంచి బయటికి వెళ్ళాల్సిందే.

మూడో రకానికి, అంటే మళ్ళీ మొదలైనదానికి, పైవి నేరుగా పనిచెయ్యవు, ముందు ఆ మాటలు ఆగాలి. పాత ప్రేమలతో మళ్ళీ కలిసినవాళ్ళని 1993 నుంచి అధ్యయనం చేసిన మనస్తత్వవేత్త నాన్సీ కాలిష్ పెళ్ళయినవాళ్ళని సరదాకి కూడా పాత ప్రేమను వెతకొద్దని హెచ్చరించేవారు. "ఊరికే బాగున్నావా అని అడిగాను" అన్నదాన్ని తేలిగ్గా తీసుకునే కౌన్సెలర్ ఈ పనికి తగడు. ఆపడమంటే నెమ్మదిగా తగ్గించడం కాదు, ఒక్క చివరి సందేశం, అదీ రెండోవాళ్ళకి చూపించి పంపింది. ఒకరికి విడిపోవాలని, ఒకరికి ఉండాలని ఉంటే విలియం డోహెర్టీ రూపొందించిన నిర్ణయ కౌన్సెలింగ్ ఉంది. 5 సెషన్లకి మించదు, ఇలాగే సాగడమా, విడిపోవడమా, ఆరు నెలలు గట్టిగా ప్రయత్నించడమా అన్నది తేల్చడమే దాని పని. కాపురం బాగుచేస్తుందని దానికి వెళ్తే నిరాశే.

రెండో రకంలో, అంటే ఎప్పుడూ తెలిసిందే ఇప్పుడు అనుమానంగా మారినదాంట్లో, జవాబు తెలిసినా అదే ప్రశ్న రోజుకి పదిసార్లు అడగడం, పాత ఫొటోలు ఇంటర్నెట్‌లో వెతకడం, బుర్రలో అవే దృశ్యాలు తిరగడం ఉంటే, జంటగా కంటే ఒంటరిగా చికిత్స ముఖ్యం. ఓసీడీ, అంటే వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పట్టుకునే జబ్బు, దాని చికిత్సనుంచి తెచ్చుకున్న పద్ధతి వాడతారు. కలవరపెట్టేవాటిని 0 నుంచి 100 వరకు తీవ్రతను బట్టి వరస పెట్టి, తక్కువదానితో మొదలుపెట్టి ఎదుర్కొంటూ, అడగడం, వెతకడం మాత్రం ఆపుతారు. ఇక్కడ ఇంట్లోవాళ్ళు చేసే పొరపాటు ప్రేమతోనే చేస్తారు: అడిగిన ప్రతిసారీ "నువ్వంటేనే ఇష్టం" అని చెప్పడం. ఆ ఊరట పది నిమిషాలుంటుంది, పదకొండో నిమిషానికి ఇంకో ప్రశ్న పుడుతుంది. "దీనికి జవాబు ఇచ్చేశాను, ఇది ఆ అనుమానం మాట్లాడుతోంది, పక్కన కూర్చుంటాను గాని మళ్ళీ చెప్పను" అనడం నేర్పే కౌన్సెలర్ దొరికితే వదులుకోవద్దు.

నాలుగో రకాన్ని దాదాపు ప్రతి సర్వీసూ సరిగా పట్టించుకోదు. పాత ప్రేమ చనిపోయినప్పుడు ఏడ్చే హక్కు తనకి లేదనుకునే మనిషిని, ఏడ్చినందుకు నిలదీసే మనిషి పక్కన కూర్చోబెడితే ఇద్దరూ నోరు విప్పరు. లోకం ఒప్పుకోని ఇలాంటి దుఃఖాన్ని కెన్నెత్ డోకా 1989లో ప్రత్యేకంగా పేరుపెట్టి గుర్తించారు. దానికి ముందు విడిగా దుఃఖానికి సంబంధించిన కౌన్సెలింగ్ కావాలి, ఉమ్మడి సెషన్లు తర్వాత. ఫోన్ చేసినప్పుడే "చనిపోయిన పాత ప్రేమ గురించి ఇంట్లో మనిషి ఏడుస్తుంటే మొదట ఎవరిని చూస్తారు?" అని అడగండి. "ఇద్దరినీ కలిపే రమ్మనండి" అంటే ఆ చోటు మిగతా మూడింటికి పనికొస్తుందేమో గాని దీనికి కాదు.